వసంతానికి ఏ పువ్వు వేద్దాం?



శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. మేళ్లచెరువు వాళ్లకు ఆ మాట కొత్తగా చెప్పనక్కర లేదు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో వుండి, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ వూళ్లో శంభులింగేశ్వరస్వామి జాతర సరిగ్గా శివరాత్రికే జరుగుతుంది. ప్రభలు కడతారు. ఎడ్ల పందేలు పెడతారు. కృష్ణ ఒడ్డు పల్లెల నుంచి, కోదాడ, హుజూర్‌నగర్ వైపు నుంచి జనం తరలి వస్తారు. గుడికి పోయే తోవ పొడుగునా పూల బుట్టలు వరసగా కనపడతాయి. మారేడు పత్రి, తుమ్మి పూలు, జిల్లేడు పూలు, బంతి దండలు, చామంతి దండలు, పచ్చగన్నేరు, దేవగన్నేరు. భక్తుడు డబ్బు ఇచ్చి బుట్ట తీసుకుంటాడు, లోపలికి పోతాడు. ఆ పూలు ఎక్కడ పుట్టాయో, ఎట్లా వచ్చాయో అతనికి పట్టదు. పట్టవలసిన పని కూడా లేదు.

కాని రైతుకు పట్టాలి. ఎందుకంటారా? ఒక రైతును అనుకుందాం. బోరు కింద పది గుంటల నేల వుంది. జాతరలో బంతి దండ ధర చూశాడు. 'నేనూ వేస్తే పోలా' అనుకున్నాడు. మర్నాడే విత్తనం తెచ్చి నారు పోశాడు. నారు ఎదగడానికి నెల పట్టింది. నాటిన తర్వాత పువ్వు పట్టడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి మే నెల వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. బోరు గంట పోసి రెండు గంటలు ఆగుతున్నది. పువ్వు గోటికాయంత అయింది. పంచాంగం చూస్తే మూఢం, పెళ్లిళ్లు లేవు. ఎరువుకు పెట్టిన డబ్బు కూడా రాలేదు. ఈ రైతు చేసిన తప్పు ఏమిటి? పువ్వు చెడ్డది కాదు, నేల చెడ్డది కాదు. వసంతంలో పూసే పువ్వు వేరు, వసంతంలో నాటే పువ్వు వేరు. ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుకని ఈ పూట పువ్వుల చరిత్ర చెప్పుకుందాం. చరిత్ర అంటే రాజుల యుద్ధాలేనా? కాదని మన పాలమూరు జిల్లా మనిషే నిరూపించాడు. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట ఇవన్నీ చరిత్రేనని చూపించారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. తిండికీ బట్టకూ చరిత్ర వుంటే తలలో పెట్టుకునే పువ్వుకు వుండదా?

మొదట మన నేలలో ఎవరూ నాటకుండానే పూచే పువ్వుల సంగతి చూడండి. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి ఆకులన్నీ రాల్చుకున్న మోదుగచెట్టు నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. ఆ పూలు ఏరుకొచ్చి, మరగబెట్టి, కామునిపున్నమ తెల్లవారి హోలీకి రంగునీళ్లు చేసుకునేవాళ్లు మన పిల్లలు. అది దుకాణంలో కొనే రంగు కాదు, కంట్లో పడితే మండేది కాదు. ఆ వెనకనే వేప పూస్తుంది. వేపపువ్వు లేనిదే మనకు ఉగాది పచ్చడి లేదు. ఇక తంగేడు, గునుగు వానలు వెనకబట్టే రోజుల్లో, బతుకమ్మ పండుగకు విరగబూస్తాయి. తంగేడు పువ్వును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. మల్లె, కనకాంబరం కూడా మన దేశపు పూలే. కనకాంబరానికి దక్షిణ భారతమూ సింహళమూ పుట్టిళ్లు.

వీటికి నీళ్లు పోసినవాడు లేడు, ఎరువు వేసినవాడు లేడు. పూలతోట అని గిరి గీసి, నీళ్లు కట్టి, పువ్వును పంటగా పెంచే పని ఎవరి కోసం మొదలైంది? చాలావరకు దేవుడి కోసం.

కాకతీయుల నాటి పరిస్థితి చూద్దాం. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు గుళ్లు కట్టించారు. నల్లగొండ పక్కన పానగల్లును కందూరి చోడులు ఏలారు. అక్కడ ఉదయసముద్రం అనే చెరువు, ఆ పక్కనే గుళ్లు ఇప్పటికీ వున్నాయి. గుడి వున్న చోట చెరువు వుండడం ఏదో అందం కోసం కాదు. గుడి నడవాలంటే నైవేద్యానికి బియ్యం కావాలి, దీపానికి నూనె కావాలి, పూజకు పువ్వు కావాలి. ఈ మూడూ నీళ్లుంటేనే వస్తాయి. ఆ కాలపు దానశాసనాలలో చెరువు వెనక మాగాణితోపాటు పూలతోటకు కూడా భూమి ఇచ్చిన మాట కనపడుతుంది. మేళ్లచెరువు పేరులోనే చెరువు వుంది గదా! అక్కడి గుడి కూడా కాకతీయుల నాటిదేనని ఆ వూరి పెద్దలు చెప్తారు.

ఆ తోటలు చూసినవాళ్లు రాజులు కారు. శివాలయాలలో పత్రి, పువ్వు అందించే పని తంబళ్లది. విష్ణ్వాలయాలలో తులసి పెంచి మాలలు కట్టే పని సాతానులది. ఏ పువ్వు ఏ నెలలో వస్తుందో, ఏ మొగ్గను ఏ జామున కోస్తే రేపటిదాకా వాడకుండా వుంటుందో వాళ్లకు తరతరాలుగా తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు పదహారో శతాబ్దంలో రాసిన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు కూడా తోటమాలే. ఆయన కూతురు గోదాదేవి. దేవుడికి కట్టిన దండను ముందు తాను ముడుచుకుని ఇచ్చిన పిల్ల కనుకనే ఆ పుస్తకానికి ఆ పేరు. తోటపనిని చిన్నపనిగా మన పెద్దలు ఎన్నడూ చూడలేదని చెప్పడానికే ఇది జ్ఞాపకం చేశాను.

గుడితోటలో ఒక నీతి వుంది, గమనించండి. పూజ ఏడాది పొడుగునా వుంటుంది. కనుక తోటలో కూడా ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు వుండాలి. ఒకే పువ్వు వేసి కూర్చుంటే కుదరదు. ఎండాకాలానికి మల్లె, వానాకాలానికి జాజి, అన్ని కాలాలకూ గన్నేరు, నందివర్ధనం, మందారం. ఈ లెక్క మన రైతు మరవకూడదు. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత కుతుబ్‌షాహీలు వచ్చారు. 1591లో హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ భాషలో కవి కూడా. వసంతోత్సవం ఆయనకు ఎంతో ఇష్టం. బసంత్ మీద చాలా పద్యాలు రాశాడు. ఆ కాలంలో తోట అంటే బాగ్ అయింది. మనం గులాబీ అనే మాట కూడా ఫారసీ నుంచి వచ్చిందే. గుడికి పువ్వు కావాలి, దర్గాకు చాదరు మీద పువ్వు కావాలి, పెళ్లికొడుకు ముఖానికి కట్టే సెహరాకు పువ్వు కావాలి. పువ్వుకు గిరాకీ పెరిగింది.

ఇక్కడ కథలో పెద్ద మలుపు వచ్చింది. 1492లో కొలంబసు అమెరికా చేరాడు. 1498లో వాస్కోడగామా మన కళ్లికోటకు వచ్చాడు. 1510లో పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నారు. ఆ వెనక అమెరికా ఖండం నుంచి మొక్కలు ఓడలెక్కి మన దేశానికి రావడం మొదలైంది. మిరపకాయ అట్లానే వచ్చింది. పొగాకు, వేరుశనగ, బొప్పాయి, సీతాఫలం అన్నీ ఆ దేశానివే. మిరప వచ్చిన దేశం నుంచే బంతి కూడా వచ్చింది.

అవునండీ! మన గడపకు కట్టే బంతి, మన ఎద్దు మెడలో వేసే బంతి మెక్సికో దేశపు పువ్వు. అక్కడి పాత జనం కూడా దాన్ని తమ దేవతల పూజకు, పితృదేవతల పండుగకు వాడేవాళ్లు. పెద్ద బంతిని ఇంగ్లీషువాళ్లు ఆఫ్రికా బంతి అంటారు. అది ఆఫ్రికాలో పుట్టలేదు. ఆఫ్రికా తోవన వాళ్లకు చేరింది కనుక ఆ పేరు పడింది. లిల్లీ అని మనం పిలిచే సుగంధరాజ పువ్వు మెక్సికోదే. సాయంత్రం విచ్చే చంద్రకాంత, కాగితపు పూల తీగె, పచ్చగన్నేరు, గడ్డి గులాబీ అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. పేరులోనే దేవుణ్ణి పెట్టుకున్న దేవగన్నేరు కూడా అంతే. లింగం మీద పడగ పట్టినట్టుండే నాగమల్లి పువ్వును శివుడికి ఎంతో ప్రీతి అంటాం. ఆ చెట్టు దక్షిణ అమెరికా అడవులది. బిళ్లగన్నేరు మడగాస్కర్ దీవిది. చామంతిని చీనా దేశంవాళ్లు వేల ఏండ్లుగా పెంచుతున్నారు.

మరి ఇవన్నీ పరాయి పూలని పారేయాలా? అక్కరలేదు. దేవుడు పువ్వు పుట్టిల్లు అడగలేదు, మన ఆడపిల్లలూ అడగలేదు. కాని రైతు మాత్రం అడగాలి. ఎందుకంటే ప్రతి పువ్వూ తన పుట్టింటి అలవాటు వెంట తెచ్చుకుంటుంది. ఎంత వెలుగు కావాలి, ఎంత చలి కావాలి, ఎంత నీరు కావాలి అన్నది ఆ పుట్టుకలోనే వుంది.

చామంతిని తీసుకోండి. ఎన్ని నీళ్లు పెట్టినా, ఎంత ఎరువు వేసినా ఎండాకాలంలో చామంతి ఆరుబయట సరిగా పూయదు. పాతకాలం రైతు 'దాని కాలం అది కాదు' అని వూరుకున్నాడు. అసలు కారణం 1920లో తెలిసింది. అమెరికా వ్యవసాయశాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు, సోయాచిక్కుడు మొక్కలతో పరీక్షలు చేశారు. కొన్ని మొక్కలు పగటి పొడుగును బట్టి పూత పూస్తాయని తేల్చారు. చామంతి ఆ జాతిదే. పగలు కురచగా, రాత్రి పొడుగ్గా వుంటేనే అది మొగ్గ తొడుగుతుంది. మన ప్రాంతంలో డిసెంబరులో పగలు పదకొండు గంటలకు కొంచెం పైన వుంటుంది. జూన్‌లో సుమారు పదమూడు గంటలు వుంటుంది. అందుకే జూన్, జూలైలలో నాటిన చామంతి మొదట కొమ్మలు వేసి, పగలు తగ్గాక నవంబరు నుంచి జనవరి దాకా పూస్తుంది. వసంతంలో నాటితే ఆకే చూసుకోవాలి. పాలీహౌసుల్లో రాత్రిపూట దీపాలు పెట్టి, నల్లగుడ్డ కప్పి పగటిని పెంచుతూ తగ్గిస్తూ ఎప్పుడంటే అప్పుడు పూయిస్తున్నారు. పది గుంటల రైతుకు ఆ ఖర్చు తూగదు.

ఇక పువ్వును నమ్ముకున్నవాడు చెడిన కథ కూడా ఒకటి చెప్పాలి. మన నల్లరేగడి నేలల్లో కుసుమ పాత పైరు. ఇప్పుడు దాన్ని నూనెగింజగా ఎరుగుదుం. ఒకనాడు దాని పువ్వు కూడా సరుకే. కుసుమపువ్వు రేకలు ఏరి, ఎండబెట్టి, నీళ్లలో కడిగితే పసుపు రంగు పోతుంది. మిగిలినదాన్ని క్షారపు నీళ్లలో నానబెట్టి, నిమ్మరసం పులుపు తగిలిస్తే ఎర్రని కుసుంబా రంగు బట్టకు పడుతుంది. ముళ్ల మొక్కల్లో చేతులు పెట్టి ఆ రేకలు ఏరింది ఎక్కువగా ఆడవాళ్లే. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియా మందు చేయబోయి, తారు సరుకు నుంచి వూదారంగు తీశాడు. మూడేళ్లకు తారు నుంచే ఎర్రరంగు కూడా వచ్చింది. ఆ తర్వాత డబ్బాల రంగులు చవకగా మన అంగళ్లకు దిగాయి. కుసుమపువ్వును అడిగేవాడు లేకుండా పోయాడు. పైరు మాత్రం చావలేదు. గింజలో నూనె వుంది కనుక బతికింది. ఒక పైరుకు రెండు ఉపయోగాలుంటే ఒకటి పోయినా రైతు నిలుస్తాడు. ఇది రెండో నీతి.

మూడో నీతి హాలెండు దేశం నుంచి వచ్చింది. తులిప్ అనే వసంతపు పువ్వు తురుష్కదేశం మీదుగా వాళ్లకు చేరింది. దాని గడ్డల మీద జనానికి పిచ్చి పట్టింది. చూడని గడ్డకు ధర కట్టి, చేతికి రాని గడ్డను మళ్లీ అమ్మేవాళ్లు. 1637 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కొనేవాడు కరువై ధర కూలిపోయింది. పువ్వుకు వాసన వుంటుంది, అందం వుంటుంది, నిలువ మాత్రం వుండదు. వడ్లయితే గరిసెలో పోసి ధర కోసం చూడొచ్చు. పువ్వును రేపటిదాకా ఆపడమే కష్టం. కనుక అందరూ వేసిందే మనమూ వేస్తే అందరితోపాటు మనమూ మునుగుతాం.

మన మొక్కల పేర్లు పుస్తకాలకెక్కిన సంగతి కూడా రెండు మాటల్లో చెప్తాను. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు గోదావరి జిల్లా సామర్లకోటలో వుండి మొక్కలు పెంచి పరీక్షలు చేశాడు. మన దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. మోదుగపువ్వు బొమ్మ కూడా వాటిలో వుంది. 1793లో కలకత్తా తోటకు పెద్దగా వెళ్లాడు. ఆయన పుస్తకాల్లో లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా రాశాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పినవాళ్లు ఎవరు? మన పల్లెల మనుషులే. విస్తరణ కార్యకర్తలు ఇది గుర్తు పెట్టుకోవాలి. పల్లెకు పోయినప్పుడు నేర్పడమే కాదు, నేర్చుకోవడం కూడా వుంటుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. దాని నీటితో హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పరుచుకున్నది. మోటబావి దగ్గర మల్లెపొద పెంచుకున్న నేలలో కూడా వరి నాటారు. తిండికి లోటు తీరింది, కాదనను. కాని కాలువ చివరన వున్నవాళ్లకు, బోర్ల కింద వున్నవాళ్లకు, వేసవిలో రెండో పంట వరి అంటే గుండె దడే. అటువంటి చోటే పువ్వుకు జాగా వుంది. ఎకరం వరికి పోసే నీళ్లతో కొన్ని గుంటల పూలతోట హాయిగా సాగుతుంది. కోదాడ మీదుగా హైదరాబాదు–విజయవాడ రోడ్డు పోతున్నది. తెల్లవారి కోసిన పువ్వు ఇటు గుడిమల్కాపూర్ పూలమార్కెట్టుకూ పోగలదు, అటు బెజవాడకూ పోగలదు.

మరి ఏ పువ్వు వేయాలి? ఇంతదాకా చెప్పిన చరిత్ర అంతా ఈ ప్రశ్న కోసమే.

వసంతానికి అసలైన పువ్వు మల్లె. గుండుమల్లె మార్చి నుంచి జూలై దాకా పూస్తుంది. ఎండ ముదిరేకొద్దీ వాసన ముదురుతుంది. కాని ఆ పూత కోసం చలికాలంలోనే పని చేయాలి. నవంబరు, డిసెంబరులలో నీళ్లు ఆపి మొక్కను ఎండగట్టాలి. ఆకు రాలగొట్టాలి. కొందరు తోటలోకి గొర్రెల్ని తోలి ఆకు మేపిస్తారు. ఖర్చు లేని పని, పైగా పెంటిక ఎరువు. తర్వాత కొమ్మల్ని మూరెడు ఎత్తున కత్తిరించాలి. పశువుల ఎరువు వేసి, పాదు చేసి, నీళ్లు కట్టాలి. జనవరిలో ఈ పని ముగిస్తే ఉగాది పొద్దులకు మొగ్గ కనపడుతుంది. మల్లె ఒకసారి నాటితే పన్నెండు పదిహేనేండ్లు వుంటుంది. మంచి ఆదాయం మూడో ఏటినుంచి. నాటడం వానాకాలంలో. కనుక ఈ వసంతంలో మల్లె కావాలనుకున్నవాడు కిందటి వానాకాలమే మేలుకుని వుండాలి.

రెండోది బంతి. దీనికి ఒక సులువైన లెక్క చెప్తాను. నారుకు నాలుగు వారాలు, నాటిన తర్వాత పూతకు ఎనిమిది వారాలు. మొత్తం పన్నెండు వారాలు. పండుగ తేదీనుంచి పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెట్టి నారు పోయండి. శివరాత్రి పువ్వుకు నవంబరు చివర, డిసెంబరు మొదట, ఉగాది పువ్వుకు డిసెంబరు చివర, జనవరి మొదట నారు పోయాలి. నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువ అవుతాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా నారింగి, పూసా బసంతి రకాలు చాలాచోట్ల వేస్తున్నారు. బంతికి ఇంకో గుణం వుంది. దాని వేళ్లు నేలలోని నులిపురుగుల్ని తగ్గిస్తాయి. టమాటా తోటలో పదహారు సాళ్లకు ఒక సాలు బంతి వేస్తే కాయతొలిచే పురుగు బంతి మీదికి పోతుంది. కుసుమ కథలో చెప్పిన రెండు ఉపయోగాల నీతి ఇక్కడ పనికొస్తుంది.

మూడోది కనకాంబరం. వాసన లేదు కాని బరువు లేదు, దండ వాడదు, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. నులిపురుగు దీనికి పెద్ద శత్రువు. అందుకని ఒక కారు బంతి వేసిన నేలలో కనకాంబరం వేయడం తెలివైన పని. ఢిల్లీ కనకాంబరం అనే రకం గింజ కట్టదు. దాన్ని కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. ఎవరైనా దాని విత్తనం అని అమ్మితే నమ్మకండి.

నాలుగోది లిల్లీ. ఇది వసంతంలో పూసే పువ్వు కాదు, వసంతంలో నాటే పువ్వు. ఫిబ్రవరి, మార్చిలలో గడ్డ నాటితే సుమారు మూడు నెలలకు కాడ వేస్తుంది. రెండు మూడేండ్లు అదే మడిలో వుంచుకోవచ్చు. జాతరలో ధర చూసి పువ్వు వేయాలని మనసు పడ్డవాడికి ఇదే తగినది. మొదట మనం అనుకున్న ఆ రైతు బంతికి బదులు లిల్లీ గడ్డలు వేసి వుంటే తొలకరికి పువ్వు చేతికి వచ్చేది.

నేల సంగతి మరవకండి. మేళ్లచెరువు చుట్టుపక్కల సున్నపురాయి వుంది. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దాని కోసమే. ఫ్యాక్టరీకి మేలైన సున్నం పువ్వుకు అంత మేలు కాదు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము వున్నా మొక్కకు అందదు. మల్లె, కనకాంబరం, గులాబీ లేతాకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా వుంటాయి. అది చూసి యూరియా పోస్తే దండగ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం పది రోజులకోసారి రెండు మూడు మార్లు ఆకుల మీద చల్లితే పచ్చబడుతుంది. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట దున్ని, పశువుల ఎరువు వేస్తే నేలే కుదుటపడుతుంది. నాటకముందే మట్టి పరీక్ష చేయించడం అన్నింటికన్నా మంచిది.

పది గుంటలున్నవాడు పదింటిలోనూ ఒకే పువ్వు వేయవద్దు. గుడితోట నీతి ఇక్కడ పెట్టుకోండి. అయిదు గుంటలు మల్లె, మూడు గుంటలు బంతి, రెండు గుంటలు లిల్లీ అనుకోండి. ఒకదాని ధర పడితే ఇంకొకటి ఆదుకుంటుంది. నారు పోసే ముందు పంచాంగం తిరగేసి మూఢాలు, శూన్యమాసాలు, అధికమాసం ఎప్పుడున్నాయో చూడండి. పెళ్లి ముహూర్తాలు లేని నెలలో పువ్వు కొనేవాడు తక్కువ. ఇది నమ్మకం మాట కాదు, బజారు మాట. కోతకు మనుషులున్నారా అన్నది కూడా చూసుకోండి. మల్లెమొగ్గ పొద్దెక్కకముందే కోయాలి. అందుకని ఇంటిల్లిపాదీ కోయగలిగినంతే వేసుకోవడం మేలు.

అమ్మకానికి కాకుండా ఇంటికి, బడికి వేసే పూల సంగతి ఒక్క మాట. పెట్యూనియా వంటి సీమ పూలు చలికే తప్ప మన వేసవికి ఆగవు, మార్చి దాటితే మాడిపోతాయి. బడి ముందు జీనియా, గైలార్డియా, గడ్డి గులాబీ, బిళ్లగన్నేరు వేయండి. ఇవి ఎండకు జంకవు. బిళ్లగన్నేరు నుంచి 1950ల్లో కేన్సరు మందులు కనిపెట్టారు. అంతమాత్రాన దాని ఆకు నమిలి సొంత వైద్యం చేసుకోరాదు, విషం వుంది. పచ్చగన్నేరు కాయ ఇంకా విషం. పసిపిల్లలున్న ఇంట్లో అది వద్దు. గోలెం దగ్గర గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట మందారం, నందివర్ధనం, సన్నజాజి పెట్టుకుంటే వేరే నీళ్లు అక్కరలేదు.

చివరగా ఒక బాధ చెప్పాలి. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు. తంగేడు మండలు కోసుకొచ్చి పొలంలో తొక్కేవాళ్లు. జొన్నచేలల్లో గునుగు దానంతట అది మొలిచేది. బీళ్లు దున్నేశాం, జొన్న తగ్గింది, కలుపు మందులు వచ్చాయి. నాటకుండా వచ్చే పువ్వు గనుక పోయినా లెక్క వుండదని అనుకున్నాం. ఇప్పుడు బతుకమ్మ వస్తే తంగేడు కోసం వూరి పొలిమేర దాటి వెదుకుతున్నారు, గునుగు పట్నంలో కట్టలు కట్టి అమ్ముతున్నారు. మోదుగ కొట్టేస్తే హోలీకి డబ్బా రంగే గతి. తేనెటీగలు ఈ అడవి పూల మీదనే బతికి మన బత్తాయి, మామిడి, పొద్దుతిరుగుడు తోటలకు పని చేసి పెడతాయి. గట్టు మీద నాలుగు తంగేడు పొదలు, చేను మూల ఒక మోదుగచెట్టు వుండనివ్వండి. వాటికి మీరు పెట్టే ఖర్చు ఏమీ లేదు, గొడ్డలి ఆపడమే.

వెయ్యేళ్లకు దగ్గరగా మన చెరువుల కింద పూలతోటలు నడిచాయి. గుడి కోసం పూచాయి, దర్బారు కోసం పూచాయి, ఇవాళ మార్కెట్టు కోసం పూస్తున్నాయి. పూయించిన చెయ్యి మాత్రం ఎప్పుడూ రైతుదే. వచ్చే శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో పూలబుట్ట ముందు నిలబడినప్పుడు ధర ఒక్కటే అడగకండి. 'ఇది ఎప్పుడు నాటారు?' అని అడగండి. ఆ జవాబు ఇంటికి తెచ్చుకుని, గోడ మీది క్యాలెండరులో పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెట్టి గీత గీయండి. పై ఏటి వసంతానికి మీ తోట అక్కడ మొదలవుతుంది.